విప్పే వరుస

కార్డు తీసివేత కోడును నువ్వే నడిపి చూశావా అని మార్గిట్ మెయిల్‌లో అడిగింది. గోపిక ఆ వాక్యాన్ని ఫోన్‌లో నాలుగోసారి చదివింది. చూశాను అని రాయాలంటే ఒక్క మాట చాలు. నెల కిందట ఆ మాట రాసిందీ తనే, ఈ మార్పును అసలు కార్డు మీద అయిదుసార్లు ఎక్కించి అయిదుసార్లు తీసి పరీక్షించాను అని, కింద పేరు పెట్టి. రాసిన రోజు గుర్తుంది, కూర్చున్న కుర్చీ గుర్తుంది, ఆ కుర్చీకి ఒక చెయ్యి లేదు, అదీ గుర్తుంది. పరీక్షించింది కంప్యూటర్‌ను అడుగు నుంచి నడిపే పాత కెర్నెల్ మీదో, తన మార్పు కలిసిన కొత్త కెర్నెల్ మీదో మాత్రం గుర్తు రావడం లేదు. కొత్తదాని మీదే అయి ఉండాలి. కాకపోతే ఎందుకు రాస్తుంది. రాసింది కాబట్టి చూసే ఉంటుంది. చూసింది కాబట్టి రాసింది. ఈ వాదన బయలుదేరిన చోటికే తిరిగి వస్తోందని ఆమెకు తెలుస్తూనే ఉంది, అయినా ఇంకోసారి దాని వెంట పోయి వచ్చింది. మెయిల్‌లో మిగతాది సూటిగానే ఉంది. ఎక్కడో ఒక ప్రయోగశాలలో ఇదే కార్డు వాడే మనిషి కొత్త కోడు వేసుకుని తీసివేత నడిపితే మిషను బిగుసుకుపోయిందని రాశాడు. కారణం ఇదేనని చెప్పలేను అనీ రాశాడు. నాకు తెలిసి ఈ కార్డు ఉన్నది మీ ఇద్దరి దగ్గరే, మా పగలు పదకొండింటికి ఈ విడత మార్పులన్నీ పైకి పంపుతున్నాను, నువ్వు చూశానంటే ఇది కూడా పోతుంది, అని మార్గిట్ ముగించింది. అందరూ పంపే కెర్నెల్ మార్పులను పోగుచేసే మార్గిట్ ఉండేది హంగేరీలో. అక్కడి పదకొండంటే ఇక్కడ రెండున్నర.

ఇప్పుడు ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు. కరెంటు పన్నెండింటికి పోయింది, రెండింటికి వస్తుంది. మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు మీద, మిల్లులు మొదలయ్యే చోట, రామనర్సయ్య ధర్మకాంట గదిలో ఆమె కూర్చుని ఉంది. బయట యాసంగి వడ్ల ట్రాక్టర్లు పద్నాలుగు. నిండు బండి ప్లేటు మీదికి ఎక్కాలి, బరువు కంప్యూటర్‌లోకి రావాలి, చిట్టీ అచ్చు కావాలి, అప్పుడు గాని మిల్లు గేటు తీయరు. చేతితో రాసిన చిట్టీని మిల్లు వాళ్ళు ఒప్పుకోరు. బరువు చూపే ఇండికేటర్‌కు దాని బ్యాటరీ దానికి ఉంది, ఎర్ర అంకెలు కరెంటు లేకున్నా వెలుగుతాయి, ప్లేటు ఖాళీగా ఉన్నా అది సెకనుకు ఏడెనిమిదిసార్లు సున్నా అని పంపుతూనే ఉంటుంది. కార్డు ద్వారా దాన్ని అందుకునే కంప్యూటరే చచ్చి ఉంది. దాని యూపీఎస్ దసరాకే పోయింది.

కిటికీలోంచి యేసయ్య తల పెట్టాడు. దామరచర్ల నుంచి వడ్లు తెచ్చాడు, వరుసలో మొదటి బండి అతనిదే, అందుకని అందరికంటే ఎక్కువ కోపం కూడా అతనికే.

“కంప్యూటర్ మేడం, కరెంటోళ్ళకు ఓ ఫోన్ కొట్టరాదు? ఆ ఫోన్ల ఏం సూస్తున్నవ్ గంట నుంచి?”

“రెండింటికొస్తది యేసన్నా.”

“నిన్న గూడ రెండన్నరు. రెండున్నరకిచ్చిన్రు.”

“నిన్న నిన్ననే.”

“గట్లంటే ఇగ నేనేమంట,” అన్నాడు యేసయ్య, ట్రాక్టర్ నీడలోకి పోయాడు.

నిన్న నిన్ననే. నిన్నటిదైనా తనకు సరిగ్గా గుర్తుందా. నిన్న అన్నంలోకి ఏం తెచ్చుకుంది, గోంగూర, కాదు గోంగూర మొన్న. నెల కిందటి గురువారం, మార్చి ఇరవై. ఆ రోజును మొదటి నుంచి నడిపించి చూడాలి, ఒక్కో అడుగు. కొత్త కెర్నెల్‌ను ఇక్కడ తయారు చేయడం కుదరదు, నాలుగు గంటల పని, కరెంటు రెండు గంటలకొకసారి పోతుంది, సగంలో తెగిపోతే మళ్ళీ మొదటి నుంచి. అందుకే ఆదివారం కోదాడ పోయింది, తను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో జవహర్ సార్ ల్యాబ్ తాళం తీయించాడు, అక్కడ జనరేటర్ ఉంది, సాయంత్రానికి తయారైంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సెక్కింది. హుజూర్‌నగర్ దాకా నిలబడే వచ్చింది, పెన్‌డ్రైవ్ పిడికిట్లో ఉంది. ఇదంతా గట్టిగా గుర్తుంది. గురువారం పొద్దున కొత్తదాన్ని ఇక్కడి మిషన్‌లో పెట్టింది. పాతదాన్ని తీసేయలేదు. రెండూ ఉంచింది. మిషను లేచేటప్పుడు తెర మీద రెండు వరుసలు వస్తాయి, పైది పాతది, కిందిది కొత్తది, పది సెకన్లు ఎవరూ ఏమీ నొక్కకపోతే పాతదే లేస్తుంది. అట్లా పెట్టిందీ తనే. తను లేనప్పుడు రామనర్సయ్య సేటు బటన్ నొక్కుతాడు, సేటు లేకపోతే ప్లేటు శుభ్రం చేసే సుక్కి నొక్కుతుంది, కరెంటు రాగానే ఎవరు దగ్గరుంటే వాళ్ళు నొక్కుతారు, ఎవరు నొక్కినా కాంట నడవాలి. ఆ పొద్దున తను కింది బాణం నొక్కింది, కొత్తది లేచింది, నాలుగు బండ్లు తూచింది, నాలుగు చిట్టీలూ సరిగ్గా వచ్చాయి. అంతవరకు ఒక్క అనుమానం లేదు. తర్వాత అన్నం తిన్నది. తర్వాత తీసివేత నడిపింది. తిన్నప్పుడు ఫ్యాన్ తిరుగుతూ ఉందా లేదా. అక్కడే, ఆ అన్నం గిన్నె దగ్గరే, రోజు రెండుగా చీలిపోతోంది. ఫ్యాన్ తిరుగుతూ ఉంటే నడిచింది కొత్తదే, పరీక్ష నిజం. ఫ్యాన్ ఆగి ఉంటే మధ్యలో కరెంటు పోయింది, ఎవరో బటన్ నొక్కారు, పాతది లేచింది, పాత కోడును అయిదుసార్లు తీసి అయిదుసార్లు ఎక్కించి కొత్త కోడు బాగుందని తను హంగేరీకి రాసింది. ఏ కెర్నెల్ నడుస్తోందో చూసుకునే అలవాటు ఉంది కదా, ఒక్క ముక్క టైప్ చేస్తే నంబరు వస్తుంది. చేసే ఉంటుంది. నంబరు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. కానీ అది తెర మీద చూసిన నంబరో, తర్వాత మెయిల్‌లో తను రాసిన నంబరో.

సుక్కి ప్లేటు అంచు దగ్గర కూర్చుని సందుల్లో పడ్డ వడ్లను ఇనుప చువ్వతో తీస్తోంది. గింజలు ఇరుక్కుంటే ప్లేటు ఆనుకుంటుంది, బరువు తప్పు చూపిస్తుంది. పక్క తండా నుంచి రోజూ నడిచి వస్తుంది, ఈ కాంట పెట్టినప్పటి నుంచి ఉంది, గోపిక కంటే ముందు నుంచి.

“సుక్కమ్మా, పోయిన నెల ఒక గురువారం, నేను కొత్తది పెట్టిన్నాడు, మనం అన్నం తినేటప్పుడు కరెంటు పోయిందా?”

“కరెంటు పోని రోజేదన్న ఉంటె చెప్పు బిడ్డా, గుర్తు పెట్టుకుంట.”

“అది కాదు. ఆ రోజు బటన్ నువ్వు నొక్కినవా?”

“నొక్కే ఉంట. నొక్కుడే కదా నా పని. ఏమన్న ఖరాబైందా?”

“కాలేదు.”

“మరి ఎందుకు పరేషాన్ అయితున్నవ్? సక్రుగాని బండి టైరు పేలింది సూడు, ఆ రోజేనా?”

టైరు పేలింది. అవును, ఒక మధ్యాహ్నం ట్రాక్టర్ టైరు పేలి ప్లేటు అదిరింది, అంకెలు ఎగిరాయి. అది గురువారమా. టైరు పేలినప్పుడు తను పరుగెత్తింది, చేతికి అన్నం ఉంది, కడుక్కోలేదు. అంటే అన్నం తినేటప్పుడే. అప్పుడు ఫ్యాన్. ఫ్యాన్ సంగతి టైరు చప్పుడులో కొట్టుకుపోయింది. గోపిక లేచి మేకుకు గుచ్చిన చిట్టీల కట్టలు దించింది. తేదీల వారీగా ఉన్నాయి, కార్బన్ నకళ్ళు. మార్చి ఇరవై. పన్నెండు గంటల ఎనిమిది నిమిషాలకు ఒక చిట్టీ, దాని తర్వాతది ఒంటిగంట నలభైకి. మధ్యలో గంటన్నర ఖాళీ. కరెంటు పోయిందా, బండ్లు రాలేదా. మార్చిలో కరెంటు కోత వేళలు వేరు, పదకొండు నుంచి ఒంటిగంట అని గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉంది, కానీ పదకొండు నుంచి ఒంటిగంట కోత అయితే పన్నెండూ ఎనిమిదికి చిట్టీ ఎట్లా వచ్చింది. ఆ వారం వేళలు మార్చారేమో. వారం వారం మారుస్తారు, గోడ మీద మాత్రం ఒకటే ఉంది. టైరు పేలిన బండి చిట్టీ కోసం చూసింది. సక్రు పేరుతో ఆ రోజు చిట్టీ లేదు. ముందు రోజు ఉంది. తర్వాతి రోజు కూడా ఉంది. గోపిక కట్టను మళ్ళీ మేకుకు గుచ్చింది, ఒక చిట్టీ చిరిగింది. మిషన్‌లో దినచర్య ఫైలు ఉంటుంది, ఏది ఎప్పుడు లేచిందో అందులో రాసి ఉంటుంది, కానీ అది కూడా ఇప్పుడు చచ్చిన డబ్బాలోనే ఉంది, పైగా కరెంటు అర్ధంతరంగా పోయిన ప్రతిసారీ ఆ ఫైలులో చివరి ముక్క చెడిపోయి సున్నాలు మిగులుతాయి. ఏ ముక్క కావాలో ఆ ముక్కే ఉండదు.

అసలు ఇక్కడ తీసివేత ఎవరు నడిపారని. ఆ కోడు ఉన్నదే మర్యాదగా వదిలిపెట్టడానికి. కార్డును ఇక వాడం అన్నప్పుడు దాని కోసం కంప్యూటర్ దగ్గర తీసుకున్నవన్నీ తిరిగి అప్పజెప్పాలి: కార్డు పిలిస్తే వినే ఏర్పాటు, బరువులు వచ్చి పడే జాగా, కార్డుకు పోయే దారి. పాత కోడులో దానికి పన్నెండు వరుసలు ఉన్నాయి, పదేళ్ళ కిందట ఎవరో రాశారు, ఒక్కోటి చేత్తో విప్పినట్టు. ఈ ధర్మకాంటలో ఆ పన్నెండు వరుసలు ఒక్కరోజు కూడా నడిచి ఉండవు. ఇక్కడ ఏదీ మర్యాదగా వదిలిపెట్టదు. కరెంటు పోతుంది, అన్నీ ఉన్నపళంగా ఆగిపోతాయి, కరెంటు వస్తుంది, అన్నీ ఏమీ ఎరగనట్టు లేస్తాయి. తను కూడా మొదట్లో అదే పరీక్ష అనుకుంది: పోయింది, వచ్చింది, నడిచింది, ఇంకేం కావాలి. మార్గిట్ ఒకసారి ఓపికగా రాసింది, కరెంటు తీయడం తీసివేత కాదు అని. అప్పుడు తనకు నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది. ఇప్పుడు కెర్నెల్‌లో కొత్త పద్ధతి వచ్చింది. తీసుకునేటప్పుడే కెర్నెల్‌కు చెప్పి తీసుకుంటే, వదిలేటప్పుడు అదే గుర్తు పెట్టుకుని, చివర తీసుకున్నది ముందు, ముందు తీసుకున్నది చివర, తనంతట తనే విప్పేస్తుంది. చేత్తో విప్పే వరుసలు అక్కరలేదు. గోపిక ఆ పన్నెండింటిలో పదకొండు తీసేసింది. రెండేళ్ళలో ఆమె పంపినవి మూడు మార్పులు, ఒకటి స్పెల్లింగు, ఒకటి హెచ్చరిక రాకుండా చేసింది, ఇంకోటీ అంతే. ఇది నాలుగోది, మొదటిసారి నిజంగా కోడును ముట్టుకున్నది. పోయిన వారం మార్గిట్ రాసింది, ఈ మార్పు లోపలికి పోగానే కార్డును నడిపే ఈ డ్రైవర్ కోడు ఎవరి బాధ్యత అన్నచోట నీ పేరు పెడతాను, ఇన్నేళ్ళుగా అక్కడ ఎవరూ లేరు అని. గోపిక ఆ మెయిల్ ఎవరికీ చూపించలేదు. చూపిస్తే ఏమని చెప్పాలి. హైదరాబాద్‌లో ఏడు కంపెనీల వాళ్ళు రెజ్యూమె తీసుకుని ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు, మిర్యాలగూడలో వడ్ల కాంట మీద కూర్చున్న మనిషి పేరు లోకమంతా వాడే కోడులో ఒక మూల ఉంటుంది అంటే అమ్మ ఏమంటుంది. మంచిదే బిడ్డా, అన్నం తిన్నవా, అంటుంది.

విప్పే వరుస అంటే నాయన చెప్పిన వరుసే ముందు గుర్తొస్తుంది. వాళ్ళది సూర్యాపేట పక్క ఊరు, గొర్ల మంద. కోతలయ్యాక రైతులు పిలిచి తమ పొలాల్లో మంద పెట్టించుకునేవాళ్ళు, ఎరువు కోసం. రాత్రి ఒక పొలంలో గుంజలు పాతి వల చుట్టూ కట్టి మందను ఆపుతారు, అప్పుడే పుట్టిన పిల్లలను తొక్కుడు పడకుండా వెదురు గంప కింద మూస్తారు, తెల్లవారగానే అంతా విప్పి ఇంకో పొలానికి తోలుతారు. నాయన మంగయ్య ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: ముందు గంప లేపాలె, పిల్లలను తల్లులకు అంటియ్యాలె, లెక్క సూడాలె, అప్పుడు గుంజలు పీకాలె. ఎనిమిదేళ్ళప్పుడు ఒక పొద్దున నాయన రైతుతో మాట్లాడుతుంటే, సాయం చేద్దామని తను గుంజలు ముందే పీకింది. మంద కదిలింది. కదిలిన మందను ఆపడం ఎవరి తరమూ కాదు, అందరూ వెంట పడ్డారు, రెండు పొలాలు దాటి కాలువ గట్టు ఎక్కాక ఒక గొర్రె వెనక్కి తిరిగి అరవడం మొదలుపెట్టింది. గంప అక్కడే ఉండిపోయింది. నాయన వెనక్కి పరుగెత్తాడు. గంప కింద ఉన్నవి రెండు పిల్లలు. రెండింటినీ చంకన పెట్టుకుని వచ్చాడు. ఇట్లా గుర్తుంది గోపికకు, చంకలో రెండు తలలు, రెండు వైపులా. అమ్మ కూడా రెండనే అంటుంది. కానీ డిగ్రీ చేతికొచ్చిన ఏడాది నాయన ఏదో మాటల్లో అన్నాడు, ఒక్కటే బతికింది కదనే, ఇంకోదాన్ని కుక్కలు పట్టినై, నువ్వు ఏడుస్తవని మీ అమ్మ పక్కింటోళ్ళ పిల్లను చూపిచ్చింది. అమ్మను అడిగితే మీ నాయనకు మతి పోయింది అంది. ఇద్దరిలో ఎవరు అబద్ధం ఆడుతున్నారని కాదు. రెండు తలలు తను చూసింది. చూసింది కదా. చూడాలనుకున్నది కళ్ళ ముందుకు వచ్చి నిలబడితే, అది జరిగిందా, తను నిలబెట్టిందా, ఎట్లా తెలుస్తుంది.

ఓట్ల ప్రచారం ఆటో పాట పెట్టుకుని రోడ్డు మీద పోయింది, పాట మిల్లు గోడకు తగిలి రెండోసారి వినిపించింది. ఒంటిగంట నలభై. ఫోన్‌లో బ్యాటరీ పదకొండు శాతం. గోపిక జవాబు తెరిచి చూశాను అని రాసింది. రాసిన మాట బాగానే ఉంది. అబద్ధం అని చెప్పడానికి లేదు. చెరిపింది. తెలియదు అని రాసింది. తెలియదు అనేది ఏం జవాబు. అయిదుసార్లు అని అంకె వేసి రాసిన మనిషి నెల తిరిగేసరికి తెలియదు అంటే, రేపు ఆ పేరు పక్కన ఏ మాట ఉన్నా ఎవరు నమ్ముతారు. దాన్నీ చెరిపింది. ఈసారి తన మార్పునే ఫోన్‌లో తెరిచింది. తెర చిన్నది, వరుసలు విరిగి కిందికి వస్తున్నాయి. ఎర్రగా తీసేసినవి పదకొండు. మిగిలింది ఒకటి. బరువులు వచ్చి పడే జాగాను వదిలేసే వరుస. దాన్ని ఎందుకు ఉంచింది. ఆ జాగాను పాత పద్ధతిలోనే తీసుకుంటున్నారు కాబట్టి పాత పద్ధతిలోనే వదలాలి, అందుకే ఉంచింది, సరిగ్గానే చేసింది. కానీ తీసివేతలో ఆ వరుస ముందు నడుస్తుంది. కెర్నెల్ తనంతట తను విప్పేవన్నీ ఆ తర్వాత. అంటే జాగా ముందు పోతుంది. కార్డు పిలిస్తే వినే ఏర్పాటు ఆ తర్వాత పోతుంది. ఆ రెండింటి మధ్య, రెప్పపాటు కూడా కాదు, అందులో వందో వంతు, ఇండికేటర్ ఒక బరువు పంపితే, వినేవాడు ఇంకా ఉంటాడు, తెచ్చిన బరువు పెట్టే జాగా ఉండదు. ఎక్కడ పెడతాడు. లేని చోట పెడతాడు. పాత పన్నెండు వరుసల్లో వినడం ముందు మాన్పించి జాగా తర్వాత వదిలారు. లేక తనకు అట్లా అనిపిస్తోందా. తప్పు ఉందా అని ఎవరో అడిగారు కాబట్టి తప్పు కనిపిస్తోందా. నెల పాటు రోజూ చూసుకుని మురిసిన వరుసలే ఇవి. అప్పుడు ఒక్క తప్పు కనిపించలేదు. ఇప్పటి కళ్ళు నిజమా, అప్పటివి నిజమా. పైగా తప్పే ఉంటే అయిదుసార్లు ఎట్లా నడిచింది, నడిచింది కాబట్టి తప్పు లేదు, లేక నడిచింది పాతది కాబట్టి. మళ్ళీ అన్నం గిన్నె దగ్గరికే వచ్చింది.

రెండు గంటల నాలుగు నిమిషాలకు మొదట ఫ్యాన్ కదిలింది. తర్వాత మిల్లు వైపు నుంచి మోటార్ల చప్పుడు వచ్చింది, తర్వాత ట్రాక్టర్ల ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి. రామనర్సయ్య స్కూటర్ ఆపి లోపలికి వచ్చాడు.

“బండ్ల లైను రోడ్డు మీదికి పోయిందమ్మా, పోలీసోళ్ళు లొల్లి పెడుతున్రు. ఇగ ఎక్కియ్యి.”

గోపిక బటన్ నొక్కింది. తెర మీద రెండు వరుసలు వచ్చాయి. పది. తొమ్మిది. ఎనిమిది. కరెంటు వచ్చాక ఈ అంకెలు దిగడం ఆమె పూర్తిగా ఎప్పుడూ చూడలేదు, బండ్లను పిలవడానికి బయట ఉండేది. ఏడు. ఏమీ చేయకపోతే కాంట నడుస్తుంది, బండ్లు కదులుతాయి, అన్నీ రోజూలాగే ఉంటాయి, మార్గిట్‌కు ఏదో ఒకటి రాయవచ్చు. నాలుగు. గోపిక కింది బాణం నొక్కింది.

“సేటూ, జర పది నిమిషాలు ఆగాలె.”

“ఎందుకు? కాంట ఖరాబైందా?”

“కాలే. ఖరాబైతదా అని సూస్త.”

రామనర్సయ్య ఆమె మొహం వైపు చూశాడు, తర్వాత తెర వైపు, తర్వాత రోడ్డు వైపు. “పద్నాలుగు బండ్లున్నై తల్లీ,” అన్నాడు. కాదనలేదు. బయటికి పోయి చెయ్యి అడ్డం పెట్టాడు.

“యేసన్నా, నువ్వు ప్లేటెక్కు. ఇంజను బందు చెయ్యకు,” అంది గోపిక కిటికీలోంచి. ఇంజను అదురుతుంటే అంకెలు నిలవవు, ప్రతి బరువూ మారుతూ వస్తుంది.

“ఎక్కినంక తూస్తవా?”

“తూయ.”

“మంచిగున్నదాన్ని ఖరాబు చేసి సూస్తరా మేడం? గిదేం సదువు?”

“గిదే యేసన్నా.”

కొత్త కెర్నెల్ లేచింది. ముందు నంబరు అడిగింది, నంబరు వచ్చింది, దాన్ని కాగితం మీద టైముతో సహా రాసుకుంది. రెండు గంటల పదకొండు నిమిషాలు. తీసివేత నడిపింది. తెర మీద ఏ మాటా రాలేదు, మెరిసే గీత కింది వరుసకు దిగింది. అంటే బాగుంది. ఎక్కించింది. రెండోసారి తీసింది. బాగుంది. మూడోసారి. ఆ ప్రయోగశాల మనిషి మిషన్‌లో ఇంకేదైనా రోగం ఉందేమో. నాలుగోసారి. బయట ఎవరో హారన్ కొడుతున్నారు, సుక్కి వాళ్ళను తండా భాషలో ఏదో అంది, హారన్ ఆగింది. అయిదోసారి తీసింది. బాగుంది. గోపిక చేతులు వెనక్కి తీసుకుంది. అయిదు. నెల కిందట రాసిన మాట ఇప్పుడు అక్షరాలా నిజం, ఇదే కార్డు, కొత్త కెర్నెల్, అయిదుసార్లు. చూశాను అని రాయవచ్చు, ఎవరూ తప్పు పట్టలేరు. టైము రెండూ పద్దెనిమిది. కుర్చీ జరుపుకోబోయి ఆగింది. అయిదు అని ఎవరు పెట్టారు. తనే పెట్టింది. ఆ రోజు కూడా అయిదు దగ్గర ఎందుకు ఆపింది, చేతికి ఎన్ని వేళ్ళున్నాయో అన్నిసార్లు చేస్తే చాలనుకుందా. ఆ రోజు నడిచింది కొత్తదే అయితే కూడా ఇట్లాగే అయిదుసార్లూ బాగుండేది. పాతదైతే కూడా. ఫ్యాన్ తిరిగినా తిరక్కపోయినా ఆమె రాసిన వాక్యం ఒక్కలాగే ఉండేది. అది తట్టగానే గంట నుంచి వెతుకుతున్న అన్నం గిన్నె ఎక్కడికి పోయిందో పోయింది. ఎక్కించింది. ఆరోసారి తీసింది. గీత మెరవడం మానేసింది.

మొదట అర్థం కాలేదు. ఏదో ఒకటి నొక్కింది, రాలేదు. తర్వాత తెర నిండా అంకెలు, అక్షరాలు కిందికి దిగి ఆగిపోయాయి. ఆ గుంపులో ఒక వరుసలో ఆమెకు తెలిసిన పేరు ఉంది, బరువు అందుకునే ఫంక్షన్ పేరు. లేని జాగాలో పెట్టబోయిన వాడి పేరు. ఫోన్‌తో ఫోటో తీసింది, మసకగా వచ్చింది, ఇంకోటి తీసింది. బ్యాటరీ ఆరు శాతం. ఫోటో జతచేసి రాసింది. ఇప్పుడే పరీక్షించాను, కొత్త కెర్నెల్ మీద, కార్డుకు బరువులు వస్తూ ఉండగా. అయిదుసార్లు బాగుంది. ఆరోసారికి బిగుసుకుపోయింది. తప్పు నాది, జాగాను ముందు వదిలాను. ఈ మార్పును పంపవద్దు. నెల కిందట పరీక్షించానని రాసింది కొట్టేయండి, అది ఏ కెర్నెల్ మీద చేశానో నాకు గుర్తు లేదు. పేరు పెట్టే సంగతి మీ ఇష్టం అని ఒక వాక్యం రాసి, చదివి, అది తీసేసింది. పంపింది. టైము రెండూ ఇరవై అయిదు.

“అయిందా మేడం?” అన్నాడు యేసయ్య, స్టీరింగ్ మీద గడ్డం ఆనించి.

“అయింది.”

“మంచిగుందా?”

“లేదు. ఆగిపోయింది.”

“ఆగిపోతె అయిందంటవేంది?”

గోపిక తెర వైపు తిరిగింది. బిగుసుకున్న మిషన్‌కు చెప్పి ఆపడం కుదరదు, బటన్ మీద వేలు పెట్టి అది చచ్చేదాకా నొక్కి పట్టుకుంది, మళ్ళీ నొక్కింది. అంకెలు పది నుంచి దిగుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా చూసింది. పాతది లేచింది. ఇండికేటర్‌లోని ఎర్ర అంకె తెర మీదికి వచ్చి, ఇంజను అదురుకు ఊగి, నిలవలేదు.

“ఇంజను బందు చెయ్యి యేసన్నా,” అంది. “తూస్త.”